కోరం

టూవూంబాలో జూలై చివరి సాయంత్రం.
కొండ అంచు దాటి వచ్చిన పొగమంచు
బడి గేటు దగ్గర తచ్చాడుతోంది.
నేను వెళ్ళింది మీటింగుకు కాదు,
టోపీ కోసం.

టోపీ లేకపోతే ఆట లేదు ఇక్కడి బళ్ళలో.
మా నిశిత పోగొట్టడం ఈ ఏడాదికి ఇది మూడోది.
దొరికిన వస్తువుల డబ్బా లైబ్రరీలో ఉంటుందన్నారు.
తలుపు తోస్తే,
పిల్లల కుర్చీల్లో ఎనిమిదిమంది పెద్దవాళ్ళు
మోకాళ్ళు గడ్డాలకు తగిలేట్టు కూర్చుని
నా వైపు చూశారు,
ఎండిన చేను మబ్బును చూసినట్టు.

"తొమ్మిది!" అంది గ్లెనిస్.
తొమ్మిదిమంది లేకుండా ఏ తీర్మానమూ చెల్లదట.
రెండు నెలలుగా ఎనిమిది దగ్గరే ఆగిపోయిందట.
"ఏమీ మాట్లాడక్కర్లేదు, కూర్చుంటే చాలు."

నా ఇంగ్లీషు
ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు లెక్కపెట్టుకునేంత.
ఆరేళ్ళుగా బడి నుంచి వచ్చిన ప్రతి చీటీనీ
ఫ్రిజ్ తలుపుకు అంటించి
ఇది వాళ్ళ కోసం, అనుకున్నవాణ్ణి.
ఆ వాళ్ళెవరో ఎప్పుడూ చూడలేదు.
చూస్తే, వీళ్ళు:
నైట్ డ్యూటీ చెప్పులతోనే వచ్చేసిన అచోల్,
ఒళ్ళో నిద్రపోయిన పసివాడి లాలాజలం
చొక్కా మీద ఆరిపోతున్న బ్రెట్,
మనవరాలు హైస్కూలుకు వెళ్ళిపోయినా
రావడం మానుకోని గ్లెనిస్.
తీరిక ఉన్నవాళ్ళు ఒక్కరూ లేరు.

కూర్చున్నాను.
పిలవని పేరంటం కదా అని బెరుకు.
కానీ ఆరేళ్ళుగా పిలుస్తూనే ఉన్నారుగా,
ఫ్రిజ్ మీద నుంచి.

ఆట స్థలంలో నీడకు గుడ్డ కట్టించాలా వద్దా, అదీ తీర్మానం.
చేతులెత్తమన్నారు.
ఏడో తరగతిలో ఒంటేలుకు వేలెత్తాక
మళ్ళీ ఒక బడిలో నా చెయ్యి లేవడం అదే.

ఆగస్టులో ఆటల పోటీల రోజు
సాసేజీల పెనం బ్రెట్‌కు వదిలేసి
నేను ఉల్లిపాయల దగ్గర నిలబడ్డాను.
ఇరవై కిలోలు.
తరిగే పద్ధతి చూసి అచోల్ నవ్వింది,
మా అమ్మ కత్తిపీట అలవాటు నా మణికట్టులో ఉంది మరి.
వడ్డించేవాడు మనవాడైతే
కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు.
గరిట చేతిలో ఉన్నవాడికి
బంతిలో ఉన్నవాళ్ళంతా మనవాళ్ళే అవుతారని
ఆ పూట తెలిసింది.
మరీ సూక్తిలా ఉంది కదూ?
నిజం చెప్పాలంటే, పొగకు కళ్ళు మండి
ఎవరి పిల్లలెవరో కనపడలేదు, అంతే.

మొదటి అరగంట
నేనెవరో తెలియనట్టే తిరిగింది నిశిత.
తరవాత వరసలో వెనకున్న పిల్లతో అంటోంది,
చిన్నగానే, కానీ నాకు వినపడేంత:
"ఆ ఉల్లిపాయలాయన మా నాన్న."

గుడ్డ ఇంకా రాలేదు.
డబ్బు సగమే పోగయింది.
ఎండ మాత్రం అక్టోబరుకల్లా వచ్చేస్తుంది,
దానికి కోరం అక్కర్లేదు.

అందుకే ఫణీంద్రా, ఈ మాట నీకు.
మూడు గంటలకు గేటు ముందు
ఇంజన్ ఆపకుండా, అద్దం దించకుండా
రోజూ ఫోను చూసుకుంటూ కూర్చుంటావు,
నేనూ అలాగే కూర్చున్నవాణ్ణి.
వచ్చే మంగళవారం నాకు డ్యూటీ పడింది.
ఎనిమిదిమందే మిగులుతారు.
ఉపన్యాసాలు ఇవ్వక్కర్లేదు, డబ్బు తేనక్కర్లేదు,
మోకాళ్ళు ముడుచుకోగలిగితే చాలు.

మొహమాటంగా ఉంటే
టోపీ వెతకడానికి వచ్చానని చెప్పు.
అబద్ధం కూడా కాదు,
మాది ఇంకా దొరకలేదు.
నీలం రంగు. అంచు ఒక పక్క నమిలి ఉంటుంది.